తొమ్మిది పాయల రొట్టె

మా పక్కింటి పెద్దావిడ పోయారు. థ్యాంక్స్‌గివింగ్ వెళ్ళిన వారం, నేను ఆఫీస్‌కని కార్ తీస్తుంటే ఆమె కూతురు మా డ్రైవ్‌వేలోకి వచ్చి, "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది" అని చెప్పింది. ఆ రోజు ఆఫీస్‌కి వెళ్ళలేదు. ప్లేనోకి వచ్చి చాలా ఏళ్ళయింది. ఈ ఊళ్ళో నాకున్న పెద్దదిక్కు ఆవిడేనని ఆవిడ పోయాకే తెలిసింది.

ఆమె పుట్టింది ఈ టెక్సస్‌లోనే, దక్షిణాన ఉన్న ఒక చెక్ రైతుల పల్లెలో. తాతల కాలంలో ఓడెక్కి వచ్చిన కుటుంబం. ఇంగ్లీష్ అచ్చమైన టెక్సస్ యాసలో మాట్లాడేవారు. మాట వినని రొట్టెపిండిని మాత్రం చెక్ భాషలో తిట్టేవారు. నేను ఆమెను ఆంటీ అనేదాన్ని. ఎనభై దాటిన మనిషిని ఆంటీ అనడమేమిటని మావారు వెక్కిరించేవారు గానీ, ఆవిడకు ఆ పిలుపు నచ్చింది. ఉత్తరాలు తెచ్చే అతనికి కూడా, "ఈ అమ్మాయికి నేను ఆంటీని" అని గొప్పగా చెప్పుకున్నారు.

మా స్నేహం జడ దగ్గర మొదలైంది. ఒక డిసెంబర్ పొద్దున స్కూల్ బస్ కోసం గుమ్మంలో నిలబడి మా అమ్మాయికి జడ వేస్తున్నాను. ఆవిడ చలికోటు కప్పుకుని లాన్ దాటి వచ్చి, నా వేళ్ళకేసి కాసేపు చూశారు.

"హనీ, నాలుగు పాయలు అల్లడం వచ్చా నీకు?"

"వచ్చు ఆంటీ. ఐదు కూడా వచ్చు."

"అయితే సాయంత్రం మా కిచెన్‌కి రా. చేతులు శుభ్రంగా కడుక్కుని రా."

మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషే. ఆవిడ మాటలు నాకు తెలుగులోనే గుర్తున్నాయి, ఎందుకో మరి.

వానోచ్కా అని చెక్ వాళ్ళ క్రిస్మస్ రొట్టె. వెన్న, గుడ్లు, బాదం, ఎండుద్రాక్ష వేసిన తియ్యటి పిండి. అడుగున నాలుగు పాయల జడ, దానిమీద మూడు పాయల జడ, అన్నిటికన్నా పైన రెండు పాయల మెలి. కీళ్ళనొప్పులకు ఆవిడ వేళ్ళు వంకర తిరిగిపోయాయి. పాయ పట్టుకుంటే జారిపోయేది. అందుకని ఏటా పిండి కలపడం ఆవిడ వంతు, అల్లడం నా వంతు అయింది.

దానికో నియమం ఉంది. పిండి కలిపేటప్పుడూ అల్లేటప్పుడూ నోరు విప్పకూడదు. నేనేమో వాగుడుకాయని. మొదటి ఏడు, "ఆంటీ, ఇంకొంచెం బిగించనా?" అన్నానో లేదో, పిండి చేత్తోనే నా పెదవుల మీద వేలు పెట్టారు. ఆ రొట్టె ఓవెన్‌లో ఒక పక్కకి ఒరిగిపోయింది. "నీ మాట తగిలింది దానికి" అని తేల్చేశారు. ఆ రొట్టె పగిలితే ఇంటికి కీడని వాళ్ళ నమ్మకం. అందుకని మరుసటి ఏడు నుంచి వెదురుపుల్లలు గుచ్చి నిలబెట్టడం మొదలుపెట్టారు. ఇదేమిటని అడిగితే, "నమ్మకం నమ్మకమే, పుల్ల పుల్లే" అన్నారు. వాళ్ళింట్లో అడుగు పెడితే నా నోరు మూతపడుతుందని తెలిసి మావారు, "రోజూ చేయమను ఆ రొట్టె" అని ఆటపట్టించేవారు.

క్రిస్మస్ ముందురోజు వాళ్ళకు పగలంతా ఉపవాసం. నిష్ఠగా ఉన్న పిల్లలకు సాయంత్రం గోడమీద బంగారు పందిపిల్ల కనిపిస్తుందట. మా అమ్మాయి, "మమ్మీ, నేను కూడా ఫాస్టింగ్ చేస్తా, గోల్డ్ పిగ్గీ చూస్తా" అని పొద్దున్నే ప్రకటించి, మధ్యాహ్నం కాకుండానే చిప్స్ ప్యాకెట్ విప్పింది. పెద్దావిడ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నాకూ ఇంతవరకూ పంది రాలేదమ్మా, ఆకలే వచ్చింది" అని ఓదార్చారు.

రాత్రి వాళ్ళందరికీ చేప, చేప తినని మాకోసం విడిగా బార్లీ, పుట్టగొడుగులు, వెల్లుల్లి కలిపి బేక్ చేసిన వంటకం. ఒకసారి ఆ పండుగ శనివారం పడింది. శనివారం గుడ్డు తిననని నేను నసిగితే, ఎందుకని ఆవిడ అడగలేదు. నా వాటా రొట్టె కాగితంలో చుట్టి ఆదివారం పొద్దున్నే మా గుమ్మంలో పెట్టి వెళ్ళారు.

పోయిన ఏడు అల్లడం అయ్యాక, చేతులు తుడుచుకుంటూ అన్నారు: "మా అమ్మాయికి ఇది రాదు. పన్నెండేళ్ళకే జుట్టు కత్తిరించేసుకుంది, జడలంటే పడదు దానికి. షాప్‌లో కొనుక్కొస్తానంటుంది. ఇది నాతోనే ఆగిపోతుందేమో హనీ."

నేనున్నానుగా ఆంటీ, అన్నాను. ఆవిడ నవ్వి నా చెయ్యి తట్టారు. కానీ ఆ నవ్వులో నిశ్చింత లేదు. ఎంత అభిమానం ఉన్నా నేను పక్కింటిదాన్నే. ఆవిడ ఎదురుచూసింది తన కడుపున పుట్టిన బిడ్డ చేతుల కోసం. ఆ సంగతి నాకు అర్థమైంది, కొంచెం బాధగా కూడా అనిపించింది.

అంత్యక్రియలయ్యాక నాలుగు రోజులకు కూతురు మా తలుపు తట్టింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. కళ్ళు వాచి ఉన్నాయి.

"అమ్మ రొట్టె మీరే అల్లేవారట కదా. నాకు నేర్పుతారా? ఈ క్రిస్మస్‌కి కొన్న రొట్టె పెట్టుకుని ఆ టేబుల్ దగ్గర కూర్చోలేను."

ఆవిడ వంటింట్లోనే చేశాం. మాట్లాడకూడదని ముందే చెప్పాను. ఆమె తలూపింది. నేను ఒక పాయ వేసి చూపించడం, ఆమె ఒక పాయ వేయడం. మొదటిసారి వదులైపోయింది, విప్పేశాం. రెండోసారి నాలుగో పాయ తప్పింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, చేతులకు పిండి, భుజానికి మొహం తుడుచుకుంటోంది. ఓదార్చడానికి నాకు మాట వాడే వీల్లేదు. నేనూ ఏడుస్తూ పాయలు విడదీసి ఆమె చేతికిచ్చాను. మూడోసారి జడ నిలిచింది, నా చెయ్యి తగలకుండానే.

పొంగడానికి గుడ్డ కప్పి స్టవ్ పక్కన పెట్టి, హమ్మయ్య అనుకుని కూర్చోబోయాను.

"కూర్చోకండి, ఇప్పుడు గెంతాలి" అందామె.

"గెంతడమేమిటి?"

"పిండి పొంగుతున్నంతసేపూ గెంతాలి, అప్పుడే బాగా లేస్తుంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులని నా చిన్నప్పుడు నాచేత గెంతించేది. ఆ పని నాదే. మీకు చెప్పలేదా?"

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ పనిలోకి నన్ను రానివ్వలేదు.

ఆమె చెప్పులు విప్పి, స్టవ్ ముందు నిలబడి గెంతడం మొదలుపెట్టింది. నన్నూ రమ్మని చెయ్యి చాపింది. వద్దు, అది మీ పనే, అన్నాను. నేను పక్కకి జరిగి చూస్తూ నిలబడ్డాను. నెరిసిన పొట్టి జుట్టు ఎగురుతోంది, అల్మారాలో గాజు గ్లాసులు గలగలమంటున్నాయి, గుడ్డ కింద పిండి మెల్లగా లేస్తోంది.