చివరి ఇరవై కిలోమీటర్లు

అండమాన్ నుంచి మా కోనసీమ ఒడ్డుకు ఇంజను లేని పడవలో వచ్చానని నన్ను చాలామంది మెచ్చుకున్నారు. అందులో చివరి ఇరవై కిలోమీటర్ల గురించి ఏడాది పైగా నేను నోరు విప్పలేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మాది రాజోలు దగ్గర వరిచేలూ కొబ్బరితోటలూ ఉన్న కుటుంబం. చెన్నైలో ఉద్యోగం చేస్తూ తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాను. నేర్పినవాడు అక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడు, నాకంటే రెండేళ్లు పెద్ద. ఇద్దరం కలిసి పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక పాత ఫైబర్ పడవ కొన్నాం. రెండు తెరచాపలు, దీపానికీ జీపీఎస్‌కీ ఒక సోలార్ పలక, అంతే. డీజిల్ చుక్క లేకుండా సముద్రం దాటొచ్చని చూపించాలని మా పంతం. చలికాలం చివర్లో, ఈశాన్యం గాలి ఇంకా ఉండగానే బయల్దేరాం.

మొదటి మూడు రోజులూ నాకు వాంతులే. అటుకులు నానబెట్టుకుని తిన్నా కడుపులో నిలవలేదు. ఆ మూడు రోజులూ చుక్కాని దగ్గర అతనే కూర్చున్నాడు, ఒక్క మాట అనలేదు. తర్వాత ఒళ్లు అలవాటు పడింది. మొత్తం పదకొండు రోజులు గాలి మమ్మల్ని చక్కగా తెచ్చింది.

పన్నెండో రోజు పొద్దున్న గాలి పడిపోయింది. తెరచాప ఆరేసిన తడిబట్టలా వేలాడింది. అప్పటికి ఒడ్డు ఇంకా ఇరవై కిలోమీటర్లుంది, ఫోనుకు మాత్రం సిగ్నల్ అందింది. నాన్నగారు లైన్లోకి వచ్చి, కాట్రేనికోన అవతల ఒడ్డున షామియానా వేయించాననీ, అమలాపురం నుంచి నేను చదివిన కాలేజీవాళ్లు కూడా వస్తున్నారనీ చెప్పారు.

"సాయంత్రానికల్లా వచ్చేస్తారు కదరా?"

"వచ్చేస్తాం నాన్నగారూ" అనేశాను.

ఫోను పెట్టగానే నా స్నేహితుడు అడిగాడు: "ఎలా వస్తాం? రేపు వస్తామని చెప్పు. ఇంకా నాలుగు రోజులకి నీళ్లున్నాయి. తొందరేముంది?"

అతనికి తొందర లేదు. షామియానా కింద కూర్చోబోయేది అతని నాన్న కాదు.

పది గంటలవుతుండగా ఒక వేట బోటు కనబడింది. నేను చొక్కా విప్పి ఊపాను. బోటు నడుపుతున్న పెద్దాయనకు యాభై ఏళ్లుంటాయి. పక్కకొచ్చి ఇంజను ఆపాడు.

"ఇంజను పాడయిందాండి?"

"ఇంజనే లేదు బాబాయ్. అండమాన్ నుంచి వస్తున్నాం."

ఆయన మా పడవను ముందు నుంచి వెనక దాకా చూశాడు. "గాలి మీదేనాండి? గట్టోళ్లేనండి మీరు" అన్నాడు. మా ఇద్దరికీ అన్నం, చేపల పులుసు పెట్టాడు. ఒడ్డు దాకా లాగమని అడిగితే ఇంకేమీ అనకుండా సగం వేటలో వలలు పైకి లాగించి తాడు విసిరాడు. నా స్నేహితుడు ఆ తాడు ముట్టుకోలేదు. నేనే కట్టాను.

ఒడ్డు మూడు కిలోమీటర్లుందనగా ఆపమన్నాను. తాడు విప్పుతూ, "ఈ సంగతి ఎవరికీ చెప్పకండి బాబాయ్" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. "ఎందుకండీ? సముద్రంలో ఒకళ్లనొకళ్లం లాక్కుంటానే ఉంటాం. దీంట్లో దాపరికం ఏవుందండి?"

"అలా మాట ఇవ్వండి."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు.

పొద్దు వాలే ముందు దక్షిణం నుంచి గాలి లేచింది. తెరచాపలు నిండుగా పొంగాయి. ఆ గాలి కోసం ఆగినా మర్నాటికి చేరేవాళ్లం. ఒడ్డు మీదివాళ్లకు మా రాక ఎంతో అందంగా కనబడి ఉంటుంది. దండలు వేశారు. జనం వెనకాల ఆ పెద్దాయన కూడా నిలబడి ఉన్నాడు. నాన్నగారు కుర్చీలోంచే ఆయన్ని పిలిచారు.

"ఏవయ్యా, వేటకెళ్లేవు కదా, మావాడి పడవ చూసేవా?"

ఆయన నా వైపు ఒక్క క్షణం చూశాడు. "ఆయ్, చూసేనండి. తెరచాప మీదే వచ్చేరండి" అన్నాడు. అని తల దించుకున్నాడు. దించుకోవాల్సింది నేను.

మర్నాడు కాలేజీలో సన్మానం. ఒక్క చుక్క డీజిల్ వాడలేదని మైకులో చెప్పాను. ఒక అమ్మాయి లేచి, "గాలి లేనప్పుడు ఏం చేశారు సార్?" అని అడిగింది. "ఓపిక పట్టాం" అన్నాను. చప్పట్లు కొట్టారు. పక్క కుర్చీలో నా స్నేహితుడు తన అరచేతుల్లోని పుండ్లు చూసుకుంటున్నాడు. ఆ సాయంత్రమే చెన్నై బస్సెక్కాడు.

ఏడాది దాటాక ఆ అమ్మాయే మరో స్నేహితురాలితో మా ఇంటికొచ్చింది. తామూ అదే దారిలో రావాలనుకుంటున్నామంది. పుస్తకం తెరిచి, "మీరు పన్నెండు రోజుల్లో వచ్చారు కదా సార్. మేం పధ్నాలుగు రోజులకి నీళ్లు పెట్టుకుంటే చాలా?" అంది.

నా అబద్ధాన్ని నమ్ముకుని ఇద్దరు ఆడపిల్లలు సముద్రం మీదకు పోబోతున్నారు.

"చాలవమ్మా. కనీసం ఇరవై రోజులకి పెట్టుకోండి. చివరి రోజు మేం గాలి మీద రాలేదు. ఇంజను బోటు లాక్కొచ్చింది."

ఆమె కోప్పడలేదు. ఆ మాట రాసుకుని, "ఎన్ని గంటలు లాగింది సార్?" అని అడిగింది. మూడు గంటలన్నాను. అదీ రాసుకుంది. తిట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

నాన్నగారు వీధి అరుగు మీద కూర్చుని అంతా విన్నారు. వాళ్లు వెళ్లాక, లాగిందెవరని అడిగితే చెప్పాను. "అయితే ఆ రోజు ఆయన చేత నేనే అబద్ధం ఆడించేనన్నమాట. కూర్చోమని కూడా అన్లేదురా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే కాట్రేనికోన అవతల వాకబు చేసుకుంటూ పెద్దాయన ఇంటికెళ్లాను. వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. క్షమించమన్నాను. ఆయన వల మీంచి చెయ్యి తియ్యలేదు.

"మా ఆడది అడిగిందండి, సగం వేటకే ఎందుకొచ్చేసేవని. ఆవిడికీ చెప్పలేదండి, మీకు మాటిచ్చేను కదండీ" అన్నాడు. తలెత్తి, "ఇప్పుడు చెప్పొచ్చాండి?" అని అడిగాడు.

చెప్పండి బాబాయ్ అన్నాను. ఆయన లోపలికి చూసి భార్యను పిలిచాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఆయన మొదట్నుంచీ చెబుతుంటే, ఆ వాకిట్లో నేను నిలబడే విన్నాను.