పడుకున్న మనిషి ఫోటో

ఆ వీధిలో ఎవరూ ఆవిడని ఎదురుగా ఏమీ అనరు గానీ, వెనకాల మాత్రం అందరూ "మొండి కెమెరా" అనే అంటారు. అది ఆవిడకి తెలియని సంగతేం కాదు. ఒకసారి పక్క కొట్టు టైలరు నోరు జారి మొహం మీదే అనేశాడు. "కెమెరా మంచిదేనయ్యా, మొండిదాన్ని నేనే," అని ఆవిడ నవ్వేసి ఊరుకుంది. టైలరే నాలిక్కరుచుకుని, ఆ పూటంతా తల ఎత్తకుండా మిషను తొక్కుకున్నాడు.

మనిషి పోయాక, సాగనంపే ముందు ఒక్క ఫోటో తీయించుకోవడం ఆ ఊళ్ళో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఆ ఫోటోలు తీసేది ఈవిడే. అందుకే పెళ్ళిళ్ళకి ఎవరూ పిలవరు. ఎదురుపడితే పక్కకి తప్పుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అలా తప్పుకునేవాళ్ళని ఆవిడ కావాలనే ఆపి, ఇంట్లో పెద్దవాళ్ళెలా ఉన్నారని కుశలం అడుగుతుంది. వాళ్ళ మొహం పాలిపోతుంటే చూడడం ఆవిడకి అదో సరదా.

ఫోటోల కొట్టు ఆవిడ నాన్నది. ఆయన్ని ఊరంతా కళ్ళ డాక్టరనేవాళ్ళు. పోయినవాళ్ళ ఫోటో కడిగి, ఆరబెట్టి, మూసిన రెప్పల మీద సన్నటి కుంచెతో కళ్ళు గీసేవాడు. మనిషి లేచి కూర్చుని మనవైపే చూస్తున్నట్టుండేది. అందరికీ అదే కావాలి. గోడ మీద కళ్ళు మూసుకుని ఉంటే బాగుండదని ఒకరు, అలా చూసి తట్టుకోలేమని ఇంకొకరు. ఒక్కోసారి డాక్టరుగారి గురి తప్పేది కూడా. బతికినన్నాళ్ళూ తలెత్తి ఎవరి వంకా చూడని ఒక పెద్దమనిషి, ఫోటోలో మాత్రం కొంటెగా పక్కింటివైపు చూస్తూ తయారయ్యాడు. వాళ్ళావిడ ఆ పటాన్ని బీరువా వెనక్కి తోసేసి, మళ్ళీ బయటికి తీయలేదు.

ఆయనా పోయాడు. ఫోటో కూతురే తీసింది. నాన్న నేర్పిన పనే కదా, నాన్నకీ కళ్ళు తెరిపించమన్నాడు తమ్ముడు. కుంచె పట్టుకుని కూర్చుంది. ఎటు చూస్తున్నట్టు వేయాలి? తను ఫోటో పాడుచేస్తే నాన్న చూసే చూపు ఆవిడకి తెలుసు. తనకి జ్వరం వస్తే చూసే చూపూ తెలుసు. కుంచె ఆనిస్తే అందులో ఒక్కటీ రాదని కూడా తెలుసు. కుంచె కడిగి డబ్బాలో పెట్టేసింది. కళ్ళు మూసుకున్న నాన్నని అలాగే ఫ్రేము కట్టించి, కొట్లోకి అడుగుపెట్టగానే కనపడేలా తగిలించింది. తమ్ముడు ఇప్పటికీ మాట్లాడడు. ఆ రోజునుంచి ఎవరు వచ్చి అడిగినా ఆవిడ చెప్పేది ఒకటే.

"ఉన్నది ఉన్నట్టు తీస్తాను. కళ్ళు తెరిపించను. కావాలంటే ఇంకో కొట్టు చూసుకోండి."

ఒక పొద్దున్న బేకరీ మేస్త్రీ పోయాడని కబురొచ్చింది. ఊరందరికీ తెల్లారేసరికి రొట్టె అందించిన మనిషి. రాత్రంతా పొయ్యి దగ్గర, పగలంతా నిద్ర. ఆయన్ని ఎండలో చూసినవాళ్ళు ఊళ్ళో బహు తక్కువ.

ఆవిడ వెళ్ళేసరికి పెద్దకొడుకు హాల్లో కుర్చీలు సర్దిస్తున్నాడు. బస్టాండు దగ్గర టైర్ల కొట్టున్నవాడు. చేతి మీద ఎవరిదో నల్ల కోటు వేసుకుని ఉన్నాడు.

"తొడగక్కర్లేదు పిన్నీ, పైన పరిచేస్తే చాలు. ఫోటోలో తెలీదు," అన్నాడు.

"మీ నాన్న ఎప్పుడైనా కోటు వేసుకున్నాడా?"

"పొయ్యి దగ్గర బనియనే ఎక్కువ. కోటెక్కడిది?"

"మరి ఎవరి ఫోటో తీయమంటావు నన్ను?"

 ఈవిడ అతన్ని దాటుకుని లోపలి గదిలోకి వెళ్ళింది.

మేస్త్రీ కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. కనుబొమల్లో ఇంకా కాస్త పిండి. తలగడ పక్కన మడత పెట్టిన తువ్వాలు. వెలుతురు పడకుండా కళ్ళ మీద వేసుకునేదట. మంచం పక్కన పొట్టి స్టూలు మీద ఆయన భార్య కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయినట్టుంది, లేదా ఇంకా మొదలవలేదు. ఇంత మందిలో ఆవిడ ఒక్కతే గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"ఇక్కడే తియ్యి చెల్లీ. హాల్లోకి వద్దు."

"ఇక్కడే తీస్తానక్కా."

"కళ్ళు తెరిపించేద్దామంటున్నాడు పెద్దాడు. కళ్ళు తెరిచిన మొహం నాకేం తెలుసు చెప్పు. తెల్లారి వచ్చేవాడు, ఇంత తిని పడుకునేవాడు. నేనీ స్టూలు మీద కూర్చుని చొక్కాలకి గుండీలు కుట్టుకునేదాన్ని. అద్దె సంగతి, పిల్లల సంగతి, ఎవరితో పోట్లాడానో, అన్నీ ఆయన పడుకుని ఉంటేనే చెప్పుకునేదాన్ని. ఒక్కోసారి లేచాక జవాబు కూడా చెప్పేవాడు. కాపరమంతా ఈ మొహంతోనే చేశాను. ఇది కూడా తీసేస్తే నాకింకేం మిగులుతుంది?"

 ఇంతమంది చావులు చూసిన ఫోటోలావిడ, ఇలాంటి మాట మాత్రం ఎప్పుడూ వినలేదు. స్టాండు నిలబెట్టింది. కిటికీ రెక్క ఒకటి కొద్దిగా తెరిచింది. ఫ్లాషు బయటికి తీయలేదు. పడుకున్న మనిషి మొహం మీద ఎవరు మాత్రం లైటు వేస్తారు? భార్య వేళ్ళతో ఆయన జుట్టు సర్ది, కనుబొమల పిండి తుడవబోయి మానేసింది. ఫోటోలావిడ అలాగే తీసింది.

మెట్ల దగ్గర పెద్దకొడుకు పట్టుకున్నాడు.

"కళ్ళు తెరిపించి ఇవ్వాలి పిన్నీ."

"కుదరదు నాయనా."

"నీకేం తెలుసు?" అన్నాడు.  "చిన్నప్పుడంతా ఈ ఇంట్లో పిల్లుల్లా నడిచాం. నవ్వితే తప్పు, గిన్నె జారితే తప్పు. బయట కూరల బండి కేక వినిపిస్తే పరిగెత్తుకెళ్ళి ఆ కిటికీ మూయడం నా పని. ఆయన నావైపు చూసిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. గోడ మీదన్నా నన్ను చూడనీ."

 కొడుకు బాధ అబద్ధం కాదు. దబాయించి ఉంటే నాలుగు దులిపి వచ్చేసేది. ఇది దబాయింపు కాదు. అయినా పట్టు మాత్రం వదల్లేదు.

"నేను గీస్తే అవి నా చేతి కళ్ళవుతాయి. మీ నాన్నవి కావు. అవి నిన్ను చూడవు."

"సరే. నా ఫోన్లో తీసుకున్నది ఉంది. కంప్యూటరు కొట్లో ఇస్తే చిటికెలో చేసిస్తారు. నీ మొండితనం నీ దగ్గరే ఉంచుకో."

"ఉంచుకుంటాను. ఇన్నాళ్ళూ ఉంచుకున్నదేగా," అని మెట్లు దిగింది. కానీ ఇంటికెళ్ళేదాకా కోపం తగ్గలేదు. అతని మీద కాదు. అంత తేలిగ్గా కళ్ళు పుట్టించేసే ఆ చిటికె మీద.

కార్యాలన్నీ అయ్యాక, ఫ్రేము కట్టించిన ఫోటో పట్టుకుని ఆవిడ మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళింది. దారి పొడుగునా ఏమనాలో కూడబలుక్కుంటూనే ఉంది. గొడవ పడాల్సి వస్తే పడటానికే వచ్చింది.

హాల్లో గోడ మీద అప్పటికే ఒక పెద్ద పటం ఉంది. చుట్టూ చిన్న చిన్న బల్బులు. అందులో కోటు, టై, తళతళలాడే పళ్ళు, పెద్ద పెద్ద కళ్ళు. మేస్త్రీకి ఒక పన్ను లేదని ఊళ్ళో రొట్టె కొన్న ప్రతివాడికీ తెలుసు. చుట్టాలు కూర్చుని బాగుంది, బాగుంది అంటున్నారు. కొడుకు ఫోను తెరిచి చూపించాడు. అందులో మేస్త్రీ రెప్పలు కూడా ఆర్పుతున్నాడు.

"చూశావా పిన్నీ, ఎంత బాగా వచ్చాడో." తల్లివైపు తిరిగాడు. "నువ్వేమీ అనవేమ్మా? ఎలా ఉంది?"

తల్లి పటం వైపు తల ఎత్తి చాలాసేపు చూసింది.

"బాగానే ఉన్నాడు. ఎవరాయన?"

 ఆవిడ లేచి లోపలికి వెళ్ళి, గుండీలు కుట్టుకునే ఆ పొట్టి స్టూలు తెచ్చి గోడ దగ్గర వేసి ఎక్కింది. కొడుకు కంగారుగా వచ్చి పట్టుకోబోయాడు. చెయ్యి విదిలించుకుంది. బల్బుల వైరు ఊడదీసి, పటం దించి అతని చేతిలో పెట్టింది.

"ఇది నీ కొట్లో పెట్టుకో. నీకు కావాలి, ఎందుకు కావాలో నాకు తెలుసు. నేను కాదనను. కానీ ఈ గోడ నాది."

"చూసినవాళ్ళు ఏమనుకుంటారమ్మా?"

"పడుకున్నాడనుకుంటారు."

"అది కాదు..."

"ఏది కాదురా? మీ నోళ్ళు మూయించి, వీధిలో వాళ్ళతో తగువులు పడి, ఇన్నేళ్ళూ ఆయన నిద్ర కాపాడింది నేను. ఒక్క రోజు లేపలేదు, జ్వరమొచ్చి నేను పడిపోయినా లేపలేదు. ఇప్పుడెవరో ముక్కూ మొహం తెలియనివాడు కళ్ళు తెరిపించి నిలబెడతానంటే చూస్తూ ఊరుకుంటానా? లేపనివ్వను. ఎవరినీ లేపనివ్వను."

ఫోటోలావిడ దారి పొడుగునా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కదానితోనూ పని పడలేదు.  సంచిలోంచి తను తీసిన ఫోటో బయటికి తీసి, స్టూలు మీద నిలబడ్డ మనిషికి అందించింది. మొండితనంలో తనకి పోటీ లేదనుకునేది ఇన్నాళ్ళూ. ఆ గర్వం కాస్త తగ్గింది, సంతోషమూ వేసింది.

అదే మేకుకి తల్లి ఆ ఫోటో తగిలించింది. కిటికీ వెలుతురు, మూసిన రెప్పలు, కనుబొమల్లో పిండి. చుట్టాలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. 

అప్పుడే వీధి చివర కూరల బండివాడు కేక పెట్టాడు. ఒక్కొక్క కూర పేరూ సాగదీసుకుంటూ ఇటే వస్తున్నాడు.

 ఎవరూ చెప్పకుండానే పెద్దకొడుకు చంకలో పటంతోనే మునివేళ్ళ మీద లోపలి గదిలోకి వెళ్ళాడు. గడియ చప్పుడు కాకుండా వేలితో ఎత్తిపట్టి, కిటికీ రెక్కలు మెల్లగా దగ్గరికి లాగాడు. తర్వాత అక్కడే ఖాళీ మంచం అంచున, వీపు ఇటు తిప్పుకుని కూర్చుండిపోయాడు.

ఫోటోలావిడ సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటింది. చెప్పులు తొడుక్కోబోయి ఆగింది. వాటిని చేత్తో పట్టుకునే మెట్లు దిగింది.