పదిహేడో ఫ్లాటు బెల్లు

ఇంతవరకు నా మాట ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి రాస్తున్నాను.

భవానీపురంలో మా అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్లు పదహారు. డాబా మీద తరవాత కట్టిన పదిహేడోది నాది. అక్కడిదాకా లిఫ్టు రాదు. మోకాలి ఆపరేషన్ అయ్యాక నేను కిందికి దిగనేలేదు. కృష్ణ మీది గాలి వస్తుంది, మనుషులు రారు.

కొత్త ఇంటర్‌కమ్ పెట్టించి, ఫ్లాటువాళ్ళు సరేనంటేనే ఎవరినైనా పైకి పంపాలని వాచ్‌మన్‌కి చెప్పారు సెక్రటరీ గారు. నా ఇంట్లో అది ఒక్కసారీ మోగలేదు. గ్రూపులో మెసేజ్ పెడితే దండం బొమ్మ పెట్టి ఊరుకున్నారు.

మైలవరం నుంచి నా పాత స్నేహితుడు మామిడిపళ్ళ సంచితో బస్సెక్కి వచ్చాడు. దగ్గర ఫోను ఉంచుకోడు. గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేశారు. ఇంటికెళ్ళి కోడలి ఫోనులోంచి తిట్టాడు.

"మంచంలో పడుకునుండి ఇంట్లో లేనని చెప్పిస్తావంట్రా? ఇక నీకూ నాకూ చెల్లు!"

తరవాత ఎన్నిసార్లు చేసినా మాట్లాడలేదు.

వాచ్‌మన్‌ని నిలదీశాను. "నేనేం చేసేదండీ? పదిహేడే నొక్కాను. ఎవరో ఎత్తారు. పదిహేడుకి మనిషొచ్చాడంటే, లేరు పంపించెయ్ అన్నారండీ."

ఇంటర్‌కమ్ బిగించిన మెకానిక్‌ని పిలిపించాను.

"లోపల నాలుగు స్విచ్చులున్నాయనుకోండి సార్. ఒక్కోటి వేసైనా ఉంటుంది, తీసైనా ఉంటుంది. ఒకదానికి రెండు రకాలు, రెండిటికి నాలుగు, మూడిటికి ఎనిమిది, నాలుగిటికి పదహారు. కంప్యూటర్లలోనూ ఇదే లెక్కండీ, రెట్టింపవుతూ పోతుంది. పదిహేడు నొక్కితే చోటు లేక మళ్ళీ మొదటికే పోద్ది."

"మొదటికంటే?"

"ఒకటో ఫ్లాటండీ. సెక్రటరీ గారిది."

"మరి ఐదో స్విచ్చు?"

"అదుంటే ముప్ఫై రెండిళ్ళకి సరిపోద్దండీ. అప్పుడే చెప్పాను. ఒక్క ఇంటి కోసం అంత పెట్టె దేనికయ్యా, ఆయనకెవరొస్తారు అన్నారండీ."

సెక్రటరీ గారూ, పెట్టెలో నాకు చోటు లేదు, ఒప్పుకుంటాను. కానీ నా బెల్లు మీ ఇంట్లో మోగినప్పుడు, ఇది ఆయన ఇల్లు కాదు, పైకి పంపు అనడానికి మీకేం అడ్డమొచ్చింది? మీరు లేరన్న మనిషి మీ నెత్తిమీదే మంచంలో ఉన్నాడు.

నాకు పెద్ద పెట్టె అక్కర్లేదు. మైలవరం నంబరు ఇస్తాను. లేడన్న మాట మీ ఇంట్లోంచి వచ్చిందని మీ నోటితో ఆయనకు చెప్పండి. ఈసారి దండం బొమ్మ వద్దు. చెబుతారా, చెప్పరా?