వియ్యంకుణ్ణి ఊరగాయల పనిలో చేర్చిన అడ్మిన్

పెళ్ళిచూపులు చెడగొట్టడానికి ఎన్ని దారులున్నాయో మీకు తెలుసు. కాఫీలో ఉప్పు వేయొచ్చు, పిల్ల పొడవు గురించి నోరు జారొచ్చు. నేను మాత్రం ఇంతవరకూ ఎవరూ తొక్కని దారి తొక్కాను. ఫోనులో ఒక్క బొత్తాం నొక్కి, కాబోయే వియ్యంకుణ్ణి మా ఊరగాయల పనిలో చేర్చేశాను. నవ్వండి, నవ్వండి. ఆ రోజు నా ఒళ్ళు ఎట్లా మండిందో నాకు తెలుసు.

మా అన్న కొడుకు హరి తల్లి లేని బిడ్డ. నా చేతి ముద్ద తిని పెరిగాడు. తిరుపతిలో ఒక గది తీసుకుని, దూరాన ఉండేవాళ్ళకు వీడియోలో వంటలూ ఊరగాయలూ నేర్పించే వ్యాపారం పెట్టాడు. నేర్పేది నేనూ, ఇంకొందరు ఆడవాళ్ళూ. క్లాసు అయ్యాక ఎంతసేపు పని చేశామో వేరే యాపులో రాయాలి. మేమా రాసేది? పోపు ఎప్పుడు మాడుతుందో గుర్తుంటుంది గానీ, ఇది గుర్తుంటుందా?

హరి విసిగిపోయాడు. "అత్తా, మీటింగు యాపునీ పని గంటల యాపునీ కలిపేస్తే సాలు, క్లాసు ఎంతసేపు జరిగితే అంతసేపు దానంతటదే ఎక్కుతాది. నువ్వే అడ్మిన్. అది అడిగే ప్రశ్నలకు జవాబు నొక్కు."

"నేనా? నేను సదివింది ఐదో క్లాసు గదరా!"

"ఇంటి బీగాలన్నీ నీ నడుముకే గదా ఉండేది. ఇదీ ఒక బీగమనుకో."

అంతే, పెరుగు మీద మీగడలా తేలిపోయాను.

ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ కూర్చున్నాను. క్లాసు మీటింగులే లెక్కించాలా, అన్ని మీటింగులూనా అని అడిగింది. మీరే చెప్పండి, పంక్తిలో కూర్చున్నాక ఒకరికి వడ్డించి ఒకరిని వదిలేస్తామా? మహాపాపం. 'అన్నీ' అని నొక్కాను. పని లెక్క అడిగే సందేశాలు మన పనివాళ్ళకేనా, వచ్చినవాళ్ళందరికీనా? 'అందరికీ.' చివర్న ఎర్రటి అక్షరాలతో బెదిరించింది: బయటివాళ్ళు కూడా లెక్కలోకి వస్తారు, ఖాయమేనా? నాకు కోపం వచ్చింది. మన గడప తొక్కినవాళ్ళు బయటివాళ్ళెట్లా అవుతారు? గట్టిగా నొక్కాను.

ఆ ఆదివారమే హరికి పెళ్ళిచూపులు. పిల్ల లావణ్యది చిత్తూరు. వాళ్ళ నాయనకు బెల్లం మండీ ఉంది. ముందు వీడియోలో చూసుకుందాం, నచ్చితే ఇంటికి రండి అన్నాడాయన. డబ్బు కట్టని ఖాతా అయితే మాట మధ్యలో తెగిపోతుంది, శుభమా అని పిల్లను చూస్తుంటే తెగడమేంటని, వ్యాపారం ఖాతాలోనే, నిమ్మకాయ ఊరగాయ క్లాసు లింకుతోనే మీటింగు పెట్టాడు హరి.

బ్రహ్మాండంగా జరిగింది. పిల్ల నవ్వింది. మా వంశం గురించి, హరికి అమ్మవారు పోసినప్పుడు నేను పడ్డ పాట్ల గురించి, అన్నీ నేనే చెప్పాను. అయ్యాక హరి, "ఆ పిల్ల నవ్వింది సూసినావా అత్తా?" అని అడిగిందే అడిగాడు. వాడు ఒకరిని అంత ఇష్టపడటం నేనెప్పుడూ చూడలేదు.

ఇంతలో ఫోను మోగింది. లావణ్య నాయన. బెల్లం అమ్మే మనిషే గానీ, గొంతులో మిరపకాయలు.

"ఏమ్మా, నా ఫోనుకు ఇదేం మెసేజీ? 'మీరు నిమ్మకాయ ఊరగాయ మీటింగులో పాల్గొన్నారు. ఈ సమయంలో మీరు చేసిన పని ఏమిటి?' కూతుర్ని సూపించినా, సాలదా? నిమ్మకాయలు గూడా కొయ్యాల్నా?"

"అన్నా, అది అడిగింది నేను గాదు, యాపు!"

"కింద 'అడ్మిన్ రాజమ్మ' అని నీ పేరే ఉండాదే!"

"పేరు నాదన్నా, నోరు దానిది."

"మా బామ్మర్ది కువైట్ నుంచి కలిసినాడు. ఆయనకూ వచ్చినాది. ఆడ సేటు అడగతానే ఉండాడు ఏం పని సేసినావని, ఈడ నువ్వు గూడా అడగాల్నా? మీ సంబంధమూ వద్దు, మీ ఊరగాయా వద్దు!"

పెట్టేశాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ పాపిష్టి యాపు, ఏమీ పెట్టకుండానే అడుగుతుంది! పెళ్ళిచూపుల్లో మనిషి చేసే పనేమిటి? కూర్చోవడం, కారబ్బూంది తినడం. అదికూడా లెక్క చెప్పాలా?

హరి మొహం వాడిపోయింది. "అత్తా, ఏం నొక్కినావు?"

"అన్నీ, అందరికీ."

"అయ్యో అత్తా!"

"పంక్తిభేదం నా వల్ల గాదురా!" అని అరిచాను గానీ, వాడు ముద్ద ముట్టకుండా లేచిపోతే నా గుండె చెరువైంది.

మళ్ళీ ఫోను. ఈసారి సన్నటి గొంతు. "అత్తా, నేను లావణ్యని. ఏం పని సేసినావని నాకూ వచ్చినాది."

"తల్లీ, నీ కాళ్ళకు దండం. దానికి జవాబియ్యబాకు."

"ఇచ్చేసినా అత్తా. 'అడ్మిన్ గారి మాటలు విన్నాను' అని. అంతసేపూ నేను సేసిన పని అదొకటే గదా. పెండ్లికొడుకు గొంతు ఎట్లుంటాదో గూడా నాకు తెలీదు."

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను: నిజమే, హరిని ఒక్క మాటా ఆడనివ్వలేదు.

"మా నాయన సంగతి నేను సూసుకుంటా. ఇంకో మీటింగు పెట్టమని సెప్పండి. అయితే అత్తా, మీరు మాత్రం రాబాకండి."

అడ్మిన్ లేకుండా మీటింగా! పెంచిన చేతిని పక్కన పెడతారా! ఉడికిపోతూనే తలుపు దగ్గరికి వేసి, వాకిట్లో కూర్చున్నాను. లోపల ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ నాకు తెలియదు. పొద్దు వాలింది, కూర చల్లారింది, అవతల నవ్వులు ఆగలేదు. చివరికి నా ఫోను టింగుమంది: 'నిమ్మకాయ ఊరగాయ పని గంటలు మితిమీరాయి. అడ్మిన్ ఆమోదిస్తారా?'

ఆ యాపు నన్నడిగిన మర్యాదైన ప్రశ్న అదొక్కటే. కళ్ళు తుడుచుకుని, ఆమోదించాను.

పెళ్ళి అయింది. తలంబ్రాల వేళ నేను ఫోను తీస్తే వియ్యంకుడు ఉలిక్కిపడి, "అమ్మా రాజమ్మా, దాన్ని కొంగులో కట్టుకో. నేను అక్షింతలు ఏస్తా ఉండా, అదే నా పని!" అన్నాడు.

అందుకే ఏడుకొండలవైపు తిరిగి ఒట్టేస్తున్నాను: అన్నం విస్తరి ముందు తప్ప, ఈ జన్మలో ఎక్కడా 'అందరికీ' అని నొక్కను. ఇక ఆ యాపు మళ్ళీ ఎప్పుడైనా "ఈ సమయంలో మీరు చేసిన పని ఏమిటి?" అని అడిగితే, రాసిపెట్టుకోమనండి: నోరు మూసుకుని వాకిట్లో కూర్చుని, ఒక పెళ్ళి చేశాను.