డబ్బా మీది విలువ

మొన్న ఆసుపత్రిలో రక్తం తీసే అమ్మాయి స్పిరిట్‌లో ముంచిన దూదితో నా మోచేతి మడతలో రుద్దింది. చల్లదనం కన్నా ముందు వాసన తగిలింది. సూది గుచ్చిన సంగతి కూడా తెలియలేదు. నెల్లూరులో మా కాలేజీ ఫిజిక్స్ లేబు, కిటికీలోంచి వచ్చే చెమ్మగాలి, చేతిలో స్పిరిట్ దూదితో ఎస్తేరమ్మ గారు కళ్ళముందు నిలిచారు.

అరవైల్లో నేను బి.ఎస్సీ. చదివేటప్పుడు ఆమె మా లెక్చరర్. మైపాడు వైపు క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చినామె. సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. కండెన్సరు కెపాసిటీ కనుక్కునే ప్రయోగమంటే ఆమెకు మహా ఇష్టం. కండెన్సరంటే విద్యుత్తును కాసేపు పట్టి ఉంచే డబ్బా. దాన్ని బ్యాటరీతో నింపి, తెలిసిన రెసిస్టెన్సు గుండా ఖాళీ కానిచ్చేవాళ్ళం. మీటరు ముల్లు ఒక గుర్తు దాకా దిగడానికి ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచీతో చూస్తే, ఆ డబ్బాలో ఎంత పడుతుందో లెక్క తేలుతుంది. వానాకాలంలో ఆ సమయం తక్కువగా వచ్చేది. ఒకసారి విసుగొచ్చి రాసింది కొట్టేయబోతే ఆమె నా చెయ్యి పట్టుకున్నారు.

"కొట్టెయ్యబాకమ్మాయ్. తక్కువ ఎందుకొచ్చిందో చూడు. ఇంకో దోవన గూడా కారిపోతా ఉందేమో?"

రెసిస్టెన్సు తీసేసి ఊరికే ఉంచమన్నారు. ముల్లు దానంతటదే దిగసాగింది. తీగలు బిగించే మరల మధ్య పట్టిన చెమ్మ గుండా ఛార్జి జారిపోతోంది. స్పిరిట్‌తో తుడిచి, బల్బు వేడికి ఆరబెట్టి మళ్ళీ చూస్తే ముల్లు ఉన్నచోటే నిలబడింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

మాది బోగోలు దగ్గర వరి సేద్యం చేసే ఇల్లు. నాన్న నన్ను చదువుకు పంపుతూ ఒకటే మాటన్నారు: "ఒక్క పరీక్ష పోయినా ఇంటికి వచ్చేయాల. ఆనక నన్ను అడగబాక." ఆఖరి ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో నాకు ఆ ప్రయోగమే వచ్చింది. బయటి ఊరినుంచి వచ్చిన ఎగ్జామినర్ నా జవాబు చూసి ముఖం చిట్లించారు.

"డబ్బా మీద కెపాసిటీ ఎంతని రాసుందో చూశావా? నువ్వు తెచ్చింది అందులో సగం. ఎక్కడో లీకుంది. తుడవకుండా చేశావు."

"తుడిచాను సార్. రెసిస్టెన్సు తీసి కూడా చూశాను. ముల్లు దిగలేదు."

"అయితే డబ్బా మీద రాసింది అబద్ధమా?"

కళ్ళముందు నాన్న కనిపించారు. అయినా వేసిన అంకె మార్చడానికి చేతులు రాలేదు. ఎస్తేరమ్మ గారు దగ్గరికొచ్చి, నావైపు చూడకుండా, "సార్, మీరే ఒకసారి చేసి చూడండి" అన్నారు.

ఆయన చేశారు. సగమే వచ్చింది. స్క్రూడ్రైవరు తెప్పించి మూత విప్పించారు. లోపల జంటగా కలిపిన రెండు సమానమైన కండెన్సర్లున్నాయి; రెండూ కలిస్తేనే పైన రాసిన విలువ. ఒకదాని తీగ తుప్పుపట్టి తెగిపోయి ఉంది.

"ఇలాంటిదా పరీక్షకు పెట్టేది?" అని ఆయన ఆమెను గద్దించారు. గదిలో మేమందరం తలలు దించుకున్నాం. ఆమె దించుకోలేదు.

"తప్పు నాదే సార్. పైన రాసిందే నమ్మినాను. నేను ముందే కొలిచి చూసుంటే ఈ బిడ్డకు ఇంత భయం తప్పేది."

ఆయన ఆ సంగతి పైవాళ్ళకు రాశారనీ, ఆమె సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చిందనీ తర్వాత తెలిసింది. నేను ఏడుస్తూ వెళితే ఆమె నవ్వారు. "నువ్వెందుకేడుస్తావు? చూసింది చూసినట్టు రాసినావు. నాకదే సంతోషం." నేను పాసయ్యాను. నాన్న మాట మీద నిలబడి నన్ను పైచదువుకు పంపారు.

తర్వాత నేను ట్యాంకుల్లో నూనె మట్టం తెలిపే సెన్సార్లు తయారుచేసే చోట చేరాను. అవీ కండెన్సర్లే. నూనె పెరిగేకొద్దీ కెపాసిటీ పెరుగుతుంది, ఖాళీ కావడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. ఆ సమయం రెప్పపాటులో వెయ్యోవంతు కూడా ఉండదు. దాన్ని ఇప్పుడు సర్క్యూటే కొలుస్తుంది. నేను పెద్ద హోదాకు వచ్చాక ఒకరోజు, కొత్తగా చేరిన అమ్మాయి సమావేశంలో లేచి, ఒక సెన్సారుకు నేను ఖాయం చేసిన విలువ సరిగా లేదంది. అందరూ బిగుసుకుపోయి నావైపు చూశారు. నాకూ ముఖం వేడెక్కింది.

లేచి ఆ అమ్మాయిని లేబుకు తీసుకెళ్ళి, కొలిచే పరికరం ముందు నా కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమె కొలుస్తున్నంతసేపూ పక్కనే నిలబడి, ఆమె చేతికి తీగలు అందించాను.