తేజని వదిలేస్తానన్న రోజు

“అమ్మాయ్, నువ్వన్నట్టే తేజని వదిలేస్తన్నా” అన్నారు మా మామగారు, ఇస్త్రీ చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ.

నా చేతిలో ఇడ్లీ పాత్ర మూత గాల్లోనే ఆగిపోయింది. కొంప మునగబోతోందని నాకు మొదట అనుమానం తగిలింది సరిగ్గా అక్కడే. నా తేజ సంగతి ఈయనకెలా తెలిసింది? నేను తేరుకునేలోపే ఆయన తన నేస్తం మస్తాన్ బాబాయి బండెక్కి వెళ్లిపోయారు.

ఇదంతా మా చెల్లెలు సిరీష పుణ్యం. అది గుంటూరులో ఉంటుంది, మరిది మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్లో పనిచేస్తాడు. పిల్లలు బడికి వెళ్లాక నేను ఊరికే కంగారు పడుతూ కూర్చుంటున్నానని, విజువల్ నవల అనేదొకటి చదవమంది. ఫోన్లో బొమ్మ ఉంటుంది, కింద మాటలుంటాయి. మొదటిరోజు ఆ బొమ్మ ఎప్పుడు కదులుతుందా అని పావుగంట రెప్పవేయకుండా చూశాను. ఫోన్ చెడిపోయిందనుకుని మా ఆయనకి ఇచ్చాను కూడా. “అక్కా, అది సినిమా కాదే. నొక్కుతూ చదవాలి” అంది సిరీష. నొక్కాను. ఇక వదల్లేదు.

వింతేమిటంటే, కథ మధ్యలో ఆగి మనల్నే అడుగుతుంది, ఇప్పుడేం చేస్తావని. తలుపు తీస్తే ఒక కథ, తీయకపోతే ఇంకో కథ. పిల్లాడికి స్వెట్టర్ వేయాలా వద్దా అన్నదే అరగంట ఆలోచించే మనిషిని నేను. అలాంటిదాన్ని పట్టుకుని అడుగుతుందా? ఒక తలుపు తీసి చూసి, మళ్లీ వెనక్కొచ్చి రెండో తలుపు వెనక ఏముందో చూసేదాన్ని. తీయని తలుపు ఒక్కటి మిగిలినా నాకు అన్నం సహించేది కాదు.

ఆ కథలో నేను కృష్ణలో లాంచీ మీద పోతుంటాను. తోడు ఒకతను వస్తాడు. అతనికి పేరు మనమే పెట్టాలట. అప్పుడు నేను వరండాలో కూర్చుని ఉన్నాను, ఎదురుగా తొడిమలు తీయాల్సిన మిరపకాయలు గుట్టగా ఉన్నాయి. తేజ రకం. ఇంకేం ఆలోచిస్తాను, ‘తేజ’ అని కొట్టాను.

మామగారు అలా బండెక్కి వెళ్లడానికి ముందురోజు సాయంత్రం సిరీషతో ఫోన్లో నేనన్న మాటలు ఇవి: “ఇన్నాళ్లూ తేజనే నమ్ముకుని కూర్చున్నానే. ఇంకా పట్టుకుని వేలాడితే మునిగిపోతాం. రేపే వదిలేస్తా.” కథలో లాంచీలోకి నీళ్లొస్తున్నాయి మరి, తేజని వదలాలా వద్దా అని అడుగుతోంది. మామగారు పక్కనే మంచం మీద పేపరు చదువుకుంటున్నారు. చదువుకుంటున్నారనే నేననుకున్నాను.

ఆయన వెళ్లిన పావుగంటకి, పచ్చడి కోసం మిరపకాయలు తీస్తుంటే బుర్ర వెలిగింది. తేజ. చెల్లెలు. యార్డు. ధర లేదని కోల్డ్ స్టోరేజీలో దాచిన బస్తాలు. మా ఇంటి ఏడాది కష్టమంతా వాటిలోనే ఉంది. ఈ ధరకి అమ్మితే కూలీల ఖర్చు కూడా రాదు. యార్డులో లోపలి కబురేదో కోడలికి అందిందని ఆయన నమ్మేశారు.

ఫోన్ చేశాను. చెవి సరిగా వినపడక ఆయన ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడతారు. ఆ సంగతి నాకప్పుడు గుర్తులేదు.

“బస్తాలు బయటికి తీస్తన్నారమ్మాయ్. ఇప్పుడేంది?”

“ఆపించండి మామయ్యా. నేను చెప్పిన తేజ మిరపకాయ కాదండి.”

“మరేంది?”

“మనిషి.”

అవతల బస్తాలు ఈడుస్తున్న చప్పుడు ఆగిపోయింది. అక్కడున్న హమాలీలందరూ నా తర్వాతి మాట కోసమే పుట్టినట్టు పని ఆపేశారు.

“ఎవరి తాలూకమ్మా?” ఆయన గొంతు తగ్గింది.

“ఎవరి తాలూకూ కాదండి. ఫోన్లోనే ఉంటాడు. రోజూ పిల్లలు బడికి వెళ్లాక...” ఈ ముక్క ఇక్కడ ఆపి ఉండకూడదని తర్వాత తెలిసింది.

“అరవబాక అన్నా, నిమ్మళంగా అడుగు. చిన్నపిల్ల” అంటున్నాడు వెనక మస్తాన్ బాబాయి.

“మావాడికి తెలుసా?”

“తెలుసు మామయ్యా. ఫోన్లోకి ఆయనే ఎక్కించిచ్చారు.”

ఆ తర్వాత బొమ్మనీ, లాంచీనీ, నీళ్లనీ ఏ వరసలో చెప్పానో నాకే తెలియదు. మొత్తానికి బస్తాలు తిరిగి లోపలికి వెళ్లాయి. ఆయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చున్నారు. తిడతారని గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, “ఏదీ, వాణ్ణి ఓసారి చూపియ్” అన్నారు.

చూపించాను. ఎలా నొక్కాలో కూడా చూపించాను. ఆ ఫోన్ మళ్లీ నా చేతికి రాలేదు.

ఇందుమూలంగా తెలియజేయునదేమనగా, మా గడపలో నేను ఇకపై ఏ మనిషికీ పంట పేరు పెట్టను, పెట్టినా వదిలేస్తానని ఫోన్లో అనను, అనాల్సి వస్తే తలుపేసుకుంటాను.

మర్నాడు పొద్దున పిల్లలు బడికి తయారై, వరండాలో ఫోన్‌ని బారెడు దూరంలో పట్టుకుని బిగుసుకుపోయి ఉన్న తాతయ్యని చూసి ఏమైందని అడిగారు. “ష్, కదిలించకండి” అని చెప్పాను. “లాంచీ సగం మునిగింది. అయినా సరే, తాతయ్య తేజని వదలనంటున్నారు.”