మునెమ్మకు లేని సక్కర

2023. తమిళనాడు ధర్మపురిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. కీళ్లవాతం విభాగంలో నేను సీనియర్ నర్సును, సెల్వి కొత్తగా చేరిన పిల్ల. చేరిన నెలకే రోగులంతా "సెల్వి ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండేది. ఎంత కష్టమైన సంగతైనా ఆ పిల్ల కథలా చెప్పేస్తుంది.

పిక్కిలి అనే పల్లె నుంచి వచ్చే మునెమ్మ మాత్రం నా మనిషి అనుకున్నాను. ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే మరి. ఆమెది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే మనల్ని కాపాడవలసిన ఇమ్యూన్ సెల్స్, రక్షణ కణాలే, కీళ్ల మీద పడే జబ్బు. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు. ఆవును పిండే పని కోడలి చేతికి పోయింది.

"పెయ్యప్పటినుంచి నేను సాకినాను. ఇప్పుడు దాని చేతికి పాలిస్తా ఉండాది," అని పళ్లు కొరికింది. ఆ మంట నాకు బాగా అర్థమైంది.

ఒకసారి నేను వేరే గదిలో ఉండగా సెల్వి ఆమెకు జబ్బు సంగతి తమిళంలో చెప్పింది. రెచ్చిపోయిన కణాలు గ్లూకోజ్‌ను గబగబా తినేసి, ఆ బలంతో కీళ్ల మీద పడతాయని, ఆ ఆకలిని అణచే మందుల కోసం పరిశోధనలు జరుగుతున్నాయని. చెప్పిందంతా నిజమే. గ్లూకోజ్‌ను మాత్రం "సక్కరై", అంటే చక్కెర, అంది. మునెమ్మ బుద్ధిగా తలూపింది.

మళ్లీ వచ్చేసరికి వేళ్లు మరీ వాచి ఉన్నాయి, కళ్లు తిరుగుతున్నాయంది. కణాల దూకుడు తగ్గించే మెథోట్రెక్సేట్ వారానికొకసారి వేసుకోవాలి.

"వారం మాత్తర ఏసుకుంటా ఉండావా అక్కా?"

"అదెందుకు మా? నాకుండేది సక్కర కదా, ఆ పాపే చెప్పింది. అన్నం నిలిపేసినాను. మా ఆయన సక్కర మాత్తర్లే మింగతా ఉండాను."

మా వైపు సక్కర అంటే షుగర్ జబ్బే. నాకు భయం వేసింది. దాచడమెందుకు, సెల్వి తప్పు దొరికిందని సంబరం కూడా వేసింది. వెంటనే డాక్టరుకు చెప్పాను. పరీక్షలో షుగర్ జబ్బు లేదని తేలింది. ఆయన ఆ మాత్రలు మాన్పించి, వారం మాత్ర మళ్లీ మొదలుపెట్టించారు. అన్నం మానేసినా ఆ కణాలు పస్తుండవని, ఒళ్లే వాటికి గ్లూకోజ్ తయారుచేసి పెడుతుందని నేను తెలుగులో చెప్పాను. సెల్వి ముఖం చిన్నబోయింది. నేను ఓదార్చలేదు.

అప్పటినుంచి ఏ రోగికి ఏం చెప్పినా, "నీకేముందో ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అని వాళ్ల నోటే చెప్పించుకుంటాను. సెల్వి కూడా నన్ను చూసి అదే నేర్చుకుంది.

కొన్ని నెలల తర్వాత మునెమ్మ తూక్కు గిన్నె నిండా పాలు తెచ్చింది. "నేనే పిండినాను మా!" అంటూ వేళ్లు మూసి, తెరిచి చూపించింది. నేను మురిసిపోయి చెయ్యి చాపాను.

ఆమె తూక్కు ఇవ్వలేదు. నా వెనక్కి తొంగి చూసింది.

"ఆ పాప లేదా మా? దానికని తెచ్చినాను."

ఆవు మీద మునెమ్మకు ఎంత మండి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.